తెలియదన్న మాటకు సాక్ష్యం

వేసవి మొదట్లో ఒక మధ్యాహ్నం నన్ను మధ్యవర్తిగా రమ్మని ఫోను వచ్చింది. అప్పుడు నేను చిల్లకల్లు దగ్గర ఒక ఊరికి వీఆర్వోని. కాపురం జగ్గయ్యపేటలో. రోజూ స్కూటీ మీద వెళ్లి వచ్చేదాన్ని. పోలీసులు ఏదైనా సరుకు పట్టుకున్నప్పుడు, అది నిజంగా అక్కడే దొరికిందని చెప్పడానికి బయటి మనుషులు ఇద్దరుండాలి. వాళ్లనే మధ్యవర్తులంటారు. దారిన పోయేవాళ్లెవరూ కోర్టుల చుట్టూ తిరగడానికి ఒప్పుకోరు కాబట్టి ఆ పని మాలాంటి వాళ్ల నెత్తిన పడుతుంది. అంతకుముందు ఇసుక లారీలకీ, నాటుసారాకీ వెళ్లాను. చూసి, సంతకం పెట్టి, ఇంటికొచ్చి వంట చేసుకునేదాన్ని. ఏ కేసూ నా వెంట ఇంటిదాకా రాలేదు.

హైవే పక్కన వేపచెట్టు కింద ఒక మినీ వ్యాన్ ఆపి ఉంది. ఎస్సై, నలుగురు కానిస్టేబుళ్లు, పక్క ఊరి వీఆర్వో గారు ఉన్నారు. ఆయన రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి, ఎవరి జోలికీ పోడు. వ్యాన్ నిండా పనసకాయలు. డ్రైవరుకు నలభై ఏళ్లుంటాయి. వీరులపాడు మండలంలో ఒక ఊరివాడు, బండి అతని సొంతమే. ఎండుమిర్చి బస్తాలు విశాఖపట్నం వైపు దింపి, రిటన్ లోడు కోసం చూస్తుంటే ఎవరో ఫోను చేసి ఏజెన్సీ నుంచి హైదరాబాదుకు పనసకాయలు వేశారని చెప్పాడు.

కాయలన్నీ దించమన్నారు. డ్రైవరే పైకెక్కి ఒక్కొక్కటీ అందించాడు. కానిస్టేబుళ్లు వాటిని ధబీమని పడేస్తుంటే అతని ప్రాణం విలవిల్లాడింది.

"మెల్లిగా అయ్యా, పగిలితే అవతల షావుకారు ఊరుకోడు" అన్నాడు.

కాసేపటికి తనే దిగి, టార్పాలిన్ తెచ్చి చెట్టు నీడలో పరిచి, వాటిని వరసగా పేర్చడం మొదలుపెట్టాడు. నేను ఆ నీడలోనే నిలబడి ఉన్నాను. నా దగ్గరకొచ్చి, "మేడం, కొంచెం అటు జరుగుతారా, కాయలకి ఎండ తగుల్తంది" అన్నాడు. నేను జరిగాను. ఎండలో నిలబడ్డాను.

అడుగున గడ్డితో కప్పిన గోతాలు బయటపడ్డాయి.

"ఇవేంటి?" అన్నాడు ఎస్సై.

"కాయలు నలక్కుండా గడ్డి మూటలేసారండి. వాళ్లే ఎక్కించుకున్నారు."

కానిస్టేబుల్ ఒక గోతాన్ని కోశాడు. గడ్డి వెనక, గోధుమరంగు టేపు చుట్టిన పొట్లాలు. ఒకటి చీల్చగానే గంజాయి వాసన ఘాటుగా కొట్టింది. డ్రైవరు ఆ పొట్లం వంక చూడలేదు. మా మొహాల్లోకి చూశాడు, ఒకరి తర్వాత ఒకర్ని. అర్థంకాని భాషలో ఎవరో ఏదో అంటే దాని అర్థం పక్కవాళ్ల మొహాల్లో వెతుక్కునే మనిషిలాగా.

"ఏంటండి ఇది?"

"నీకు తెలీదా?"

"తెలీదండి. లోడెత్తేప్పుడు నేను క్యాబిన్‌లో పడుకునున్నా."

ఒక కానిస్టేబుల్ నవ్వాడు. "ఎత్తేప్పుడు అందరూ పడుకునే ఉంటార్రా."

డ్రైవరు అప్పుడు నేలమీద కూర్చున్నాడు. ఎవరూ కూర్చోమనలేదు.

కాటా తెప్పించారు, తూచారు, పొట్లాల్లోంచి కొంచెం కొంచెం తీసి కవర్లలో వేశారు, నివేదిక రాశారు. నేను చదివాను. అందులో అబద్ధం ఒక్కటి లేదు. అయినా ఎస్సైతో అన్నాను: "అతను కాయలు పాడవుతాయని అంత ఇదయ్యాడు కదండీ. అది కూడా రాస్తే బాగుంటుందేమో."

ఆయన విసుక్కోలేదు. "మేడం, ఏం దొరికింది, ఎక్కడ దొరికింది, ఎంత దొరికింది, అంతవరకే మన పని. అతని మనసులో ఏముందో మనం రాయకూడదు. తెలియదన్నాడని రాసాం కదా" అన్నాడు. ఆ మాట సబబుగానే తోచింది. సంతకం పెట్టాను.

ఆ ఆదివారం నందిగామ వెళ్లాను. మా బాబాయి అక్కడ లాయరు. ఎక్కువగా పొలం తగాదాలు, సరిహద్దు కేసులు. పిన్ని టిఫిన్ పెడుతుంటే ఈ సంగతి చెప్పి, "పాపం అతనికి తెలియదనుకుంటా బాబాయ్. విచారణలో తేలుతుందిలే" అన్నాను.

బాబాయి చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. "ఎట్టా తేలుద్దమ్మా?"

"తెలిసే తెచ్చాడని పోలీసులు రుజువు చెయ్యాలి కదా. అప్పటిదాకా నిర్దోషే కదా."

"దొంగతనం కేసుకైతే అంతే. హత్య కేసుకైనా అంతే. దీనికట్టా కాదు. సరుకు నీ బండిలో దొరికిందని వాళ్లు రుజువు చేస్తే చాలు. నీకు తెలిసే ఉందని కోర్టు అనుకోవాలి. అనుకోవచ్చు అని కాదు, అనుకోవాలనే చట్టంలో ఉంది. తెలియదని నువ్వు రుజువు చేసుకోవాలి."

"అతను చెప్పేది నమ్మేట్టుగా ఉంటే?"

"నమ్మేట్టుగా ఉంటే సరిపోదు. ఇసుమంత అనుమానం కూడా మిగలకూడదు. మామూలుగా పోలీసులు మొయ్యాల్సిన బరువు మొత్తం ముద్దాయి నెత్తిన పెట్టారన్నమాట. బెయిలు కూడా అంతే. అంత సరుకు దొరికితే, వీడు నేరం చెయ్యలేదని జడ్జిగారికి ముందే నమ్మకం కుదిరితేగానీ ఇవ్వరు."

నాకు కోపం వచ్చింది. ఇదెక్కడి న్యాయమన్నాను. బాబాయి నా కోపాన్ని కాదనలేదు, ఔననలేదు. "ఆ చట్టం ఊరికే పుట్టలా. ఈ హైవే మీద పట్టుబడ్డ ప్రతి డ్రైవరూ నాకు తెలియదనే అంటాడు. ఆ మాట నమ్ముకుంటూ పోతే ఒక్కడికీ శిక్ష పడదు. కానీ చిక్కేంటంటే, నిజంగా తెలియనివాడు కూడా ఆ మాటే అనాలి. వాడికి వేరే మాట లేదు."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆలోచించాను. నాకు ఒక విషయం తెలుసని చెప్పాలంటే వంద ఆధారాలు చూపించగలను. తెలియదని చెప్పాలంటే ఏం చూపించాలి? లేని దాన్ని ఎక్కడినుంచి తేవాలి? ఆ వారమంతా కూర తరుగుతున్నా, ఆఫీసులో అడంగల్ చూస్తున్నా అదే ఆలోచన.

వర్షాలు పడ్డాక ఒక సాయంత్రం డ్రైవరు భార్య మా ఇంటికి వచ్చింది. ఆఫీసులో వాకబు చేసి, నందిగామలో బస్సు మారి వచ్చానని చెప్పింది. సన్నటి మనిషి, చేతిలో ఏమీ లేదు. గేటు అవతలే నిలబడింది.

"బెయిలు మళ్లా కొట్టేసారండి. తెలీదని మనమే నిరూపించాలంటన్నారు లాయరుగారు. సాక్షులెవరన్నా ఉన్నారా అని అడుగుతన్నారు. తెలీకపోవడానికి సాక్షులెవరుంటారండి? బండెక్కించినోళ్ల ఫోన్లు ఆ రోజు నుంచీ పలకట్లా. ఆయన మొహం చూసినోళ్లు మీరే. అందుకని వచ్చా."

నాకు ఆమెను లోపలికి పిలవాలనిపించింది. పిలవలేదు. "చూడమ్మా, నేను సాక్షిని. నువ్వు నాతో మాట్లాడకూడదు. మాట్లాడావని తెలిస్తే మీ ఆయనకే నష్టం. నేను చూసింది కోర్టులో అడిగితే చెప్తా. ఇంక వెళ్లు."

"మీరు నమ్మారా అండి ఆయన్ని?"

"వెళ్లమ్మా."

ఆమె మంచినీళ్లు అడిగింది. సీసా తెచ్చి గేటు మీదుగా ఇచ్చాను. తాగి, సీసా తిరిగిచ్చి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. ఎదురింటావిడ మేడ మీద బట్టలు తీస్తూ చూస్తోంది. రాత్రి మా ఆయనకు ఈ సంగతి చెప్పాను. ఆయన సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, కోర్టులంటే భయం. "ఇంకోసారి వస్తే నేనే మాట్లాడతాలే" అన్నాడు. ఆమె మళ్లీ రాలేదు.

విచారణకు పిలుపు వచ్చేసరికి రెండు వేసవులు గడిచాయి. అన్నాళ్లూ అతను జైల్లోనే ఉన్నాడు. విజయవాడ కోర్టులో అతన్ని చూసి వెంటనే గుర్తుపట్టలేకపోయాను. జుట్టు నెరిసింది, చొక్కా భుజాల మీద వేలాడుతోంది. నన్ను చూసి నమస్కారం పెట్టబోయి, పక్కనున్న కానిస్టేబుల్ ఏదో అనడంతో చేతులు దించేశాడు.

ముందు పక్క ఊరి వీఆర్వో గారు సాక్ష్యం చెప్పి వచ్చారు. ఆ తర్వాత నేను. ప్రభుత్వం తరఫు లాయరు నివేదిక చూపించి సంతకం మీదేనా అన్నాడు. నాదే అన్నాను. బండిలో గంజాయి దొరకడం చూశారా అన్నాడు. చూశానన్నాను. అంతా సాఫీగా జరిగింది.

అప్పుడు డ్రైవరు తరఫు లాయరు లేచాడు. కుర్రతనం పోని మనిషి. "లోడు దించేటప్పుడు ముద్దాయి ఎలా ఉన్నాడో చెప్పగలరా?" అన్నాడు.

నేను చూసింది చెప్పాను. కాయలు పగుల్తాయని అతను బతిమాలడం, నీడలో పేర్చడం, నన్ను పక్కకు జరగమనడం, పొట్లం చీల్చినప్పుడు మా మొహాల్లోకి చూడటం. జడ్జిగారు కలం ఆపి నా వంక చూశారు.

ప్రభుత్వం తరఫు లాయరు మళ్లీ ప్రశ్నించడానికి అనుమతి అడిగాడు. ఆయన గొంతు మారింది.

"ఇప్పుడు చెప్పినదంతా మీరు సంతకం పెట్టిన నివేదికలో ఉందా?"

"లేదండి."

"దర్యాప్తులో పోలీసులకు చెప్పారా?"

"వాళ్లు అడగలేదండి."

"మీతోపాటున్న మధ్యవర్తి ఇందాక ఇవేవీ గుర్తులేవన్నారు. ఆయనకు గుర్తులేనివి మీకెలా గుర్తున్నాయి?"

"నేను ఎండలోకి జరగాల్సొచ్చిందండి. అందుకు గుర్తుంది."

వెనక ఎవరో నవ్వారు.

"ముద్దాయి తరఫువాళ్లు ఎవరైనా మిమ్మల్ని కలిశారా?"

ఆ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. డ్రైవరు వంక చూశాను. అతనికి ఏమీ తెలియనట్టుంది. బాబాయి ముందురోజే ఫోనులో "అడిగినదానికి మాత్రం చెప్పు" అన్నాడు. ఇప్పుడు అడిగారు.

"వాళ్లావిడ ఒకసారి మా ఇంటికొచ్చింది."

"ఎందుకొచ్చింది?"

"సాక్ష్యం గురించే. మాట్లాడకూడదని చెప్పి పంపించేసా."

"ఆ సంగతి పై అధికారులకు చెప్పారా?"

"లేదండి."

"అంటే ఆవిడ వచ్చి వెళ్లాకే మీకు పనసకాయలు గుర్తొచ్చాయి."

"కాదండి, ముందునుంచీ గుర్తున్నాయి."

"దానికేమన్నా ఆధారముందా?"

ఆ రోజు ఎస్సైతో అన్నానని చెప్పాను. ఎస్సై అప్పటికే సాక్ష్యం ఇచ్చి వెళ్లిపోయాడు. తర్వాత తెలిసింది, ఆయన్ని ఎవరూ ఆ ప్రశ్న అడగలేదని, అడిగినా గుర్తుండకపోవచ్చని. ఆయనకు అలాంటి మధ్యాహ్నాలు చాలా ఉంటాయి.

తిరుగు బస్సులో పక్క ఊరి వీఆర్వో గారు నా పక్కన కూర్చున్నారు. కంచికచర్ల దాటాక అన్నారు: "గుర్తులేదంటే అయిపోయేదానికి, ఎందుకమ్మా నీకీ తలనొప్పి?"

"మీకు నిజంగా గుర్తులేదా అండీ?"

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "నాకు ఇంకా ఏడాది సర్వీసుందమ్మా" అన్నారు.

నెల తిరక్కుండా నాకు మెమో వచ్చింది. ముద్దాయి కుటుంబంతో సంబంధాలు పెట్టుకుని ప్రభుత్వ కేసుకు నష్టం కలిగేలా సాక్ష్యం చెప్పారన్న ఆరోపణపై సంజాయిషీ ఇమ్మని. ఎవరు ఫిర్యాదు చేశారో లేదు. ఆఫీసులో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. నేను లోపలికి రాగానే మాటలు ఆగిపోయేవి, అంతే. టీ తెచ్చే ఆమె ఒకరోజు నా బల్ల దగ్గర వంగి, "ఎంత ముట్టిందో అని చెప్పుకుంటన్నారమ్మా. మీరట్టాంటి మనిషి కాదని నేనన్నా" అంది. ఆమె మంచికే చెప్పింది. ఆ రోజు మధ్యాహ్నం క్యారియర్ తెరవలేకపోయాను.

ఒక సాయంత్రం వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాను. మా ఆయన వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "నేనడుగుతున్నానని ఏమీ అనుకోకు. ఆమె ఆ రోజు నీకేమన్నా ఇచ్చిందా?" అన్నాడు.

నేను కత్తిపీట మీద నుంచి లేచాను. "మీరు కూడానా?"

"ఎదురింటావిడ ఏదో చేతులు మారడం చూసిందంట. మనం మనం కాబట్టి అడుగుతున్నా."

"మంచినీళ్ల సీసా. అది నేనిచ్చి, మళ్లీ నేనే తీసుకున్నా."

"అదే కదా, నేనూ అట్టాగే అనుకున్నా" అన్నాడు. అనుకున్నాడో లేదో నాకు తెలియదు. ఆయన మొహం చూస్తే నమ్మినట్టే ఉంది. కానీ అడగకముందున్న మనిషి, అడిగాక ఉన్న మనిషి ఒకరు కాదు. తీసుకోలేదు అని నేను ఎన్నిసార్లు చెప్పినా, తీసుకున్నవాళ్లు చెప్పేది కూడా ఆ మాటే. నా బ్యాంకు పుస్తకం చూపించనా? ఇల్లంతా వెతుక్కోమననా? వెతికి ఏమీ దొరక్కపోతే బాగా దాచిందంటారు. ఆ రాత్రి నిద్రపట్టక మంచం మీద లేచి కూర్చున్నప్పుడు, జైల్లో అతను ఎన్ని రాత్రులు ఇలా కూర్చుని ఉంటాడో అనిపించింది. వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. ఒకవేళ అతనికి తెలిసే ఉంటే? నన్ను నమ్మించడానికే ఆ కాయల నాటకం ఆడి ఉంటే? అలా అనుకున్నందుకు సిగ్గేసింది. సిగ్గేసినా ఆ ఆలోచన పోలేదు.

తీర్పు కాపీ బాబాయి తెప్పించాడు. నందిగామలో ఆయన ఆఫీసు గదిలో, ఫ్యాను కింద, ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్పుకుంటూ వెళ్లాడు. డ్రైవర్ని విడుదల చేశారు. పట్టుకున్న సరుకులోంచి నమూనాలు మేజిస్ట్రేటు ఎదుట తియ్యాలి. వీళ్లు రోడ్డు మీదే తీశారు. పరీక్షకు వెళ్లింది బండిలో దొరికిన సరుకేనని నమ్మడానికి వీల్లేదు. అందుకని కేసు నిలవదు.

"మరి అతనికి తెలియదన్న సంగతి?"

బాబాయి కాగితాలు తిప్పాడు. "ఇక్కడుంది. ముద్దాయికి తెలుసా తెలియదా అన్న ప్రశ్నలోకి వెళ్లాల్సిన అవసరం లేదన్నారు."

"నా గురించి?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "వదిలెయ్యమ్మా."

"చదువు బాబాయ్."

ముద్దాయి ప్రవర్తన గురించి రెండో మధ్యవర్తి చెప్పిన మాటలు ముందు ఎక్కడా లేవు. ముద్దాయి భార్య ఆమెను కలిసిన విషయం దృష్ట్యా ఆ మాటలపై ఆధారపడలేం. అంతే, రెండు వాక్యాలు. జడ్జిగారిని తప్పుపట్టలేను. ఆయన కుర్చీలో నేనున్నా అలాగే రాసేదాన్నేమో. కానీ ఆ కాగితం ఉన్నన్నాళ్లూ నేను అందులో అలాగే ఉంటాను.

మెమో సంగతి ఆ తర్వాత తేలిపోయింది. నా సంజాయిషీ చూసి, హెచ్చరించి వదిలేస్తున్నామని రాశారు. దేనికి హెచ్చరికో రాయలేదు. తప్పు చేయలేదని కూడా రాయలేదు. తర్వాతి బదిలీల్లో నన్ను వేరే మండలానికి వేశారు.

పోయిన చలికాలం నందిగామ బస్టాండులో వాళ్లిద్దరూ కనబడ్డారు. ముందు ఆమె గుర్తుపట్టింది. ఈసారి నేనే వెళ్లి పక్కన కూర్చున్నాను. ఇక మాట్లాడకూడదనే వాళ్లెవరూ లేరు. కేసు పోయినా బండి స్టేషను ఆవరణలో తుప్పుపట్టి పనికిరాకుండా పోయిందట. అతనిప్పుడు ఊళ్లో ఒకాయన దగ్గర ట్రాక్టరు తోలుతున్నాడు, దగ్గరి పొలాలకే. మిర్చి లోడ్లు ఎవరూ ఇవ్వట్లేదు.

"మా ఊళ్లో తప్పించుకొచ్చాడంటారండి. నిర్దోషని ఎవరూ అనరు" అన్నాడు డ్రైవరు, ఫిర్యాదులా కాకుండా, వాన పడలేదని చెప్పినట్టు. "ఆమెకు మీ ఇంటికెళ్లొద్దని చెప్పేవాణ్ని, జైలు ములాఖత్‌లో నాకు ఒక్క మాట చెప్పుంటే. నావల్ల మీకు మాటొచ్చిందని మా లాయరు చెప్పాడు."

"నేను చూసిందే చెప్పా" అన్నాను.

"మీరు మా దగ్గర చిల్లిగవ్వ తీసుకోలేదని ఎక్కడ చెప్పమన్నా చెప్తానండి" అంది భార్య.

అది విని నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నేను తప్పు చేయలేదని ఈ లోకంలో ఖాయంగా తెలిసిన మనుషులు వాళ్లిద్దరే. వాళ్ల మాట మాత్రం ఏ ఆఫీసులోనూ చెల్లదు. నన్ను కట్టుకున్నవాడికి కూడా ఉన్నది నమ్మకమే. వీళ్లకున్నది నమ్మకం కాదు, తెలియడం.

అతను చేతులు చూసుకుంటూ అడిగాడు. "మేడం, మా ఆవిడ ఆ రోజు అడిగితే మీరు చెప్పలేదంట. మీరు నన్ను నమ్మారా?"

అబద్ధం చెప్పడం తేలిక. ఆ మనిషికి ఆ ఒక్క మాట ఎంత అవసరమో కనబడుతూనే ఉంది. "నమ్మా. కోర్టులో చెప్పేటప్పుడు కూడా నమ్మే చెప్పా. నామీద మాటొచ్చాక కొన్నాళ్లు నమ్మలేకపోయా. ఇప్పుడు మళ్లీ నమ్ముతున్నా. కానీ నీకు నా గురించి తెలిసినంత గట్టిగా, నీ గురించి నాకు తెలియదయ్యా. అది నా చేతిలో లేదు."

భార్య మొహం వాడిపోయింది. అతను మాత్రం తల ఊపాడు. "నిజమే కదండి. నేను పడుకుని ఉంటిని. మీరెక్కడో ఉంటిరి. మీకెట్టా తెలుస్తది?" అన్నాడు.

వీరులపాడు బస్సు వచ్చింది. జనం ఎక్కువగా ఉన్నారు. అతను ముందెక్కి ఆమెకు సీటు పట్టాడు. కండక్టరు తలుపేశాడు. నేను అక్కడే బెంచీ మీద కూర్చున్నాను. జగ్గయ్యపేట బస్సు రెండుసార్లు వచ్చి వెళ్లింది. ఇంటికి వెళ్లాక మా ఆయన ఆలస్యమైందేమన్నాడు. వాళ్లు కలిశారని చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం ఆగాను. చెప్పాను. ఆయన ఏమీ అడగలేదు. కంచం పెట్టమన్నాడు, పెట్టాను.